ఓటు రహస్యం, ఓటరు బహిరంగం

ఎన్నికల మర్నాడు పత్రికల్లో తరచుగా కనిపించే శీర్షిక ఒకటి ఉంది: "పోలింగ్ ప్రశాంతం". అది చదివినప్పుడల్లా నాకు ముందు ఊరట కలుగుతుంది, వెంటనే ఒక సందేహమూ వస్తుంది. ఘర్షణ జరగలేదంటే ఎవరూ ఎవరినీ బెదిరించలేదని అర్థమా, లేక బెదిరించే పని అంతకు ముందే పూర్తయిపోయి, రావలసినవారిలో కొందరు ఇళ్లలోనే ఉండిపోయారని అర్థమా? బయటినుంచి చూసేవారికి ఈ రెండు ప్రశాంతతలూ ఒకేలా కనిపిస్తాయి. పోలింగ్ కేంద్రం దగ్గర గొడవ జరిగితే కెమెరాలు వస్తాయి, కేసు నమోదవుతుంది, అవసరమైతే రీపోలింగ్ జరుగుతుంది. గొడవే అక్కరలేనంతగా భయపడిపోయిన మనుషుల సంగతి రాసుకోవడానికి మాత్రం ఎన్నికల అధికారుల దగ్గర ఏ కాగితమూ ఉండదు.

సంఖ్యలో తక్కువగా ఉన్న పౌరులకు ఎన్నికలు ఎంత న్యాయంగా జరుగుతున్నాయన్న ప్రశ్న కొంతకాలంగా నన్ను వదలడం లేదు. మైనారిటీ అనే మాటను మతానికే పరిమితం చేసి వాడడం లేదు. జాతి వల్ల గానీ, కులం వల్ల గానీ, భాష వల్ల గానీ, వలస వచ్చినందువల్ల గానీ, తాముంటున్న చోట సంఖ్యలోనో బలంలోనో తక్కువగా ఉండి, బలమున్నవారి దయ మీద బతకక తప్పని వారందరినీ ఉద్దేశించే రాస్తున్నాను. ఈ విషయం మీద చదివిన కొద్దీ నాలో ఒక అభిప్రాయం బలపడింది. ఓటు వేసే ఆ ఒక్క నిమిషానికి మనం గట్టి కాపలా పెట్టుకున్నాం. కానీ ఓటరును పట్టే భయం జాబితాలో పేరు చేర్చుకోవడానికి వెళ్లిన నాడే మొదలవుతుంది, ఓట్ల లెక్కింపు ముగిశాక కూడా మిగిలే ఉంటుంది. ఆ ముందూ వెనుకా ఉన్న కాలానికి కాపలా చాలా పలచగా ఉంది.

ఫ్యానీ లూ హేమర్ జీవితంలోని ఒక్క రోజును చూస్తే ఇది స్పష్టంగా తెలుస్తుంది. ఆమె అమెరికాలోని మిసిసిపీ రాష్ట్రంలో, పత్తి చేలల్లో పాలుకు పని చేసుకునే కుటుంబంలో, ఇరవై మంది పిల్లల్లో ఆఖరిదిగా 1917లో పుట్టారు. జాతి కారణంగా ఎవరికీ ఓటు నిరాకరించరాదన్న పదిహేనవ రాజ్యాంగ సవరణ 1870లోనే వచ్చింది. అయినా నల్లజాతివారు ఓటర్లుగా నమోదు చేసుకోవచ్చన్న సంగతి ఆమెకు 1962లో, 44 ఏళ్ల వయసులో, ఒక చర్చిలో జరిగిన సమావేశంలో గానీ తెలియలేదు. ఆ ఏడాది ఆగస్టు 31న మరో 17 మందితో కలిసి ఆమె బస్సులో ఇండియనోలా పట్టణంలోని కోర్టు భవనానికి వెళ్లారు. అక్కడి అధికారి రాష్ట్ర రాజ్యాంగంలోని ఒక నిబంధన ముందు పెట్టి, దాని అర్థం రాయమన్నాడు. ఆ పరీక్షలో ఆమె తప్పారు. తిరుగు ప్రయాణంలో పోలీసులు బస్సును ఆపి, బస్సు రంగు మరీ పసుపుగా ఉందన్న కారణంతో డ్రైవరుకు జరిమానా వేశారు. ఆమె ఇల్లు చేరేసరికి, ఆమె ఎక్కడికి వెళ్లి వచ్చారో తోట యజమానికి అప్పటికే తెలిసిపోయింది. నమోదు దరఖాస్తును వెనక్కి తీసుకోవాలని, లేకపోతే ఇల్లు వదిలి పోవాలని ఆయన చెప్పాడు. తాను నమోదుకు వెళ్లింది ఆయన కోసం కాదని, తన కోసమేనని ఆమె జవాబిచ్చారు. 18 ఏళ్లు పనిచేసిన తోటను ఆ రాత్రే వదిలి వెళ్లవలసి వచ్చింది. పది రోజుల తర్వాత, ఆమె తలదాచుకున్న ఇంటి మీదికి 16 తూటాలు పేలాయి.

ఈ వరుసను నేను చాలాసార్లు తిరిగి చదువుకున్నాను. ఇందులో పోలింగ్ కేంద్రం లేదు, బ్యాలెట్ పెట్టె లేదు. ఆ రోజు ఎన్నిక కూడా లేదు. ఆమె ఇంకా ఓటరే కాలేదు. అయినా ఒక మనిషి ఓటు హక్కును అడ్డుకోవడానికి ఉపయోగపడే సాధనాలన్నీ ఆ రోజులోనూ, దాని వెనుక వచ్చిన పది రోజుల్లోనూ కనిపిస్తాయి: పరీక్ష పేరుతో ఒక అధికారి, జరిమానా పేరుతో పోలీసులు, ఉన్న నీడను లాగేసుకోగల యజమాని, చివరికి చీకట్లో తుపాకీ. మొదటి మూడింటినీ అక్కడి స్థానిక చట్టం తప్పు పట్టలేదు. చట్టవిరుద్ధమని వెంటనే చెప్పగలిగింది ఆ ఆఖరిదాన్నే.

యజమానికి అంత త్వరగా ఎలా తెలిసిందన్నది చిన్న ప్రశ్న కాదు. చిన్న ఊళ్లలో కబురు నడిచే వేగం ఎలాగూ ఉంది. అది చాలదన్నట్టు 1962లో మిసిసిపీ శాసనసభ ఒక చట్టం చేసింది. కొత్తగా ఓటరు నమోదుకు దరఖాస్తు పెట్టుకున్నవారి పేర్లను స్థానిక పత్రికలో వరుసగా రెండు వారాలు అచ్చు వేయాలని, వారి నడవడిక మంచిది కాదని ఎవరైనా అభ్యంతరం చెప్పవచ్చని అందులో ఉంది. పేర్లు బహిరంగంగా ప్రకటించడం వినడానికి పారదర్శకత లాగే ఉంటుంది. యజమానులు, అప్పులిచ్చేవారు, రాత్రిపూట తిరిగే ముఠాలు చదివే పత్రికలో ఒక కూలి మనిషి పేరు అచ్చయితే అది ఎవరికి ఉపయోగపడుతుందో, ఆ చట్టం రాసినవారికి తెలియకుండా ఉండదు.

అంతకు రెండేళ్ల ముందు టెనెసీ రాష్ట్రంలోని ఫేయెట్, హేవుడ్ కౌంటీల్లో, అంటే జిల్లాల్లాంటి ప్రాంతాల్లో, దాదాపు ఇదే ఇంకా పెద్ద ఎత్తున జరిగింది. ఆ రెండు చోట్లా జనాభాలో నల్లజాతివారే ఎక్కువ. భూమి, దుకాణాలు, బ్యాంకులు, అధికారం మాత్రం తెల్లవారివి. మైనారిటీ అంటే తలల లెక్క ఒక్కటే కాదని ముందు రాసింది ఇందుకే. ఓటర్లుగా నమోదు చేసుకున్నవారి పేర్లతో వ్యాపారులు ఒక జాబితా తయారు చేసి పంచుకున్నారు. ఆ జాబితాలో ఉన్నవారికి సరుకులు అమ్మలేదు, అప్పులు పుట్టలేదు. పాలుకు సాగు చేసుకుంటున్న కుటుంబాలను 1960 చలికాలంలో భూముల నుంచి వెళ్లగొట్టారు. వాళ్లు ఒక నల్లజాతి రైతు పొలంలో గుడారాలు వేసుకుని బతికారు. 1957 నాటి పౌరహక్కుల చట్టం కింద కేంద్ర ప్రభుత్వం భూస్వాముల మీద, వ్యాపారుల మీద దావా వేసింది. నా భూమి నా ఇష్టం, నా దుకాణం నా ఇష్టం అన్న వాదన అక్కడ కోర్టు ముందుకు వచ్చింది. ఓటు వేయకుండా చేయడానికి ఒకరిని భూమి నుంచి వెళ్లగొట్టడం కూడా బెదిరింపే అవుతుందని తేలింది. చేయి చేసుకుంటేనే బెదిరింపు అన్న అలవాటైన ఆలోచనకు ఇంత స్పష్టమైన సమాధానం ఇంకెక్కడా నాకు దొరకలేదు.

ఇక రహస్య ఓటు సంగతి. ఈ ఏర్పాటును మనం పుట్టినప్పటినుంచి చూస్తున్నాం కాబట్టి ఎన్నిక అంటే ఎప్పుడూ ఇలాగే ఉండేదనుకుంటాం. బ్రిటన్‌లో 1872 దాకా ఓటరు అధికారి ముందు నిలబడి, నలుగురూ వింటుండగా తన అభ్యర్థి పేరు చెప్పాలి. ఎవరు ఎవరికి వేశారో పుస్తకాలుగా అచ్చు వేసేవారు కూడా. వేల్స్ ప్రాంతంలో 1868 ఎన్నికల తర్వాత, భూస్వాముల మాట కాదని లిబరల్ అభ్యర్థులకు ఓటు వేసిన కౌలు రైతులు చాలామంది కౌలు పోగొట్టుకున్నారు. ఆ ఉదంతం పార్లమెంటులో చర్చకు వచ్చి, రహస్య ఓటు కోరేవారి వాదనకు బలం ఇచ్చింది. ఆస్ట్రేలియాలోని విక్టోరియా, సౌత్ ఆస్ట్రేలియా అప్పటికే, 1856లో, ప్రభుత్వం అచ్చు వేసిన బ్యాలెట్‌తో రహస్య ఓటింగ్ మొదలుపెట్టాయి. బ్రిటన్ 1872లో బ్యాలెట్ చట్టంతో ఆ దారి పట్టింది. ఆ తర్వాత భూస్వామి బెదిరించగలడు గానీ, బెదిరింపు పనిచేసిందో లేదో తెలుసుకోలేడు. ఫలితం తెలియని బెదిరింపుకు విలువ పడిపోతుంది. చెక్క తెర చాటున నిలబడి వేసే ఓటులో ఉన్న శక్తి అంతా ఇదే, దీన్ని నేను తక్కువ చేయడం లేదు.

ఆ తెర అందరికీ ఒకేలా ఉపయోగపడలేదన్నది మాత్రం గుర్తుంచుకోవాలి. అచ్చు వేసిన బ్యాలెట్ పందొమ్మిదో శతాబ్దం చివరలో అమెరికా దక్షిణ రాష్ట్రాలకు చేరినప్పుడు, చదువురానివారికి అది అడ్డుగోడ అయింది. బానిసత్వంలో చదువుకు దూరమైన మనుషుల చేతిలో పేర్లు మాత్రమే ఉన్న కాగితం పెట్టి, ఎవరి సాయమూ లేకుండా చదివి గుర్తు పెట్టమన్నారు. దీనికి పూర్తిగా భిన్నమైన ఆలోచన 1951–52లో భారతదేశంలో జరిగిన మొదటి సాధారణ ఎన్నికల్లో కనిపిస్తుంది. అప్పుడు దేశంలో చదవగలిగినవారు నూటికి ఇరవై మంది కూడా లేరు. ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె పెట్టి, దాని మీద గుర్తు అంటించారు. అక్షరం రాని మనిషి మరొకరి సాయం అడగకుండా, అంటే తన మనసులో మాట మరొకరికి చెప్పకుండా, ఓటు వేయగలిగాడు. ఎన్నికల గుర్తు ప్రచారానికి పనికివచ్చే బొమ్మ అని మనకు అలవాటైపోయింది. నా దృష్టిలో అది పేదవాడి రహస్యాన్ని కాపాడే ఏర్పాటు.

అయితే రహస్య ఓటు దాచేది ఓటరు ఎవరిని ఎంచుకున్నాడన్న సంగతిని మాత్రమే. ఓటరు వచ్చాడన్న సంగతిని అది దాచదు, దాచలేదు. కొన్ని చోట్ల రావడమే నేరమవుతుంది. బంగ్లాదేశ్‌లో 2014 జనవరి 5న జరిగిన ఎన్నికను ప్రధాన ప్రతిపక్షం బహిష్కరించింది. అలాంటి ఎన్నికలో ఓటు వేయడానికి వెళ్లడమంటేనే ఒక పక్షం తీసుకున్నట్టు. ఎన్నిక ముగిశాక పలు జిల్లాల్లో హిందువుల ఇళ్ల మీద, దుకాణాల మీద దాడులు జరిగాయి. 2001 అక్టోబరు ఎన్నికల తర్వాత జరిగిన హింసలోనూ ఈ వర్గమే ఎక్కువగా నష్టపోయింది. అప్పుడు వాళ్ల ఓటు ఎటు పడి ఉంటుందన్న ఊహే వాళ్ల మీద అభియోగమైంది. ఏ ఒక్కరి ఓటూ బయటపడలేదు. బయటపడవలసిన అవసరం కూడా దాడి చేసినవారికి కలగలేదు. అఫ్ఘానిస్థాన్‌లో 2014 జూన్‌లో రెండో విడత పోలింగ్ రోజున, హెరాత్ ప్రాంతంలో 11 మంది వృద్ధుల వేళ్లను తాలిబన్లు నరికేశారు. దొంగ ఓటు పడకుండా కాపాడే సిరా చుక్కే ఆ వేలిని పట్టి ఇచ్చింది.

నాకు అన్నిటికంటే ఎక్కువగా ఆలోచన కలిగించేది లెక్కింపు. ఒక మనిషి ఓటు రహస్యంగానే ఉంటుంది, సరే. ఒక వాడ ఓటు మాటేమిటి? బలహీన వర్గాలు సాధారణంగా ఒకే చోట కలిసి ఉంటాయి. కొంత ఇష్టపడి, చాలావరకు వేరే చోట చోటు దొరకక. పోలింగ్ కేంద్రాలు నివాస ప్రాంతాలను బట్టి ఏర్పడతాయి. భారతదేశంలో ఒక్కో కేంద్రంలో సుమారు వెయ్యి మంది ఓటర్లు ఉంటారు. ఆ కేంద్రంలో ఏ అభ్యర్థికి ఎన్ని ఓట్లు పడ్డాయో లెక్కింపు రోజున ఏజెంట్లంతా రాసుకుంటారు, తర్వాత అధికారికంగా ప్రకటన కూడా వస్తుంది. అంటే ఏ ఇంటి ఓటు ఎటు పడిందో తెలియదు గానీ, ఏ వాడ ఓటు ఎటు పడిందో అంకెలతో సహా తెలిసిపోతుంది. గెలిచినవాడికి ఆ వాడ మీద కోపం ఉంటే చూపించడానికి అయిదేళ్ల కాలం ఉంది. రోడ్డు ఆలస్యం కావచ్చు, కుళాయి రాకపోవచ్చు, పింఛను కాగితం ఒక బల్ల నుంచి ఇంకో బల్లకు కదలకపోవచ్చు. ఇవి జరిగినప్పుడు అది ఓటుకు శిక్ష అని నిరూపించడం ఎవరి తరమూ కాదు. ఎన్నికలకు ముందు "మీ బూత్ లెక్క మేము చూస్తాం" అన్న ఒక్క మాట చాలు, మిగతాదంతా విన్నవారే పూరించుకుంటారు.

చట్టం రాసినవారికి ఇది తెలియని సంగతి కాదు. కాగితపు బ్యాలెట్ల కాలంలో, ఓటర్లను బెదిరించే ప్రమాదమో, ఓటు వేసినందుకు వేధించే ప్రమాదమో ఉందని ఎన్నికల సంఘం భావించిన చోట, వేర్వేరు పెట్టెల్లోని బ్యాలెట్లను కలిపేసి ఆ తర్వాతే లెక్కించే వీలును 1961 నాటి ఎన్నికల నిర్వహణ నియమాల్లోని 59ఏ నియమం కల్పించింది. ఈవీఎంలు వచ్చాక ఆ కలపడం పోయింది, ఎందుకంటే ప్రతి యంత్రం తన లెక్కను తానే చూపిస్తుంది. దీనికి పరిష్కారంగా టోటలైజర్ అనే పరికరాన్ని ఎన్నికల సంఘం 2008లోనే ప్రతిపాదించింది. దానితో 14 యంత్రాల ఓట్లను ఒకేసారి కూడి, మొత్తాన్ని మాత్రమే చూపించవచ్చు. లా కమిషన్ కూడా 2015లో ఇచ్చిన 255వ నివేదికలో దాన్ని సమర్థించింది. అది ఇప్పటికీ అమలులోకి రాలేదు. ఏ బూత్‌లో తమ బలం ఎంతో తెలిస్తేనే పార్టీలు పని చేసుకోగలవన్న వాదన దీనికి ఎదురుగా వినిపిస్తుంది. ఆ సౌకర్యాన్నీ ఒక వాడ భయాన్నీ ఒకే తక్కెడలో పెట్టడం నాకు సమ్మతం కాదు.

గుజరాత్‌లోని గిర్ అడవిలో, బానేజ్ అనే చోట, ఒకే ఒక్క ఓటరు కోసం పోలింగ్ కేంద్రం పెట్టిన సంగతి చాలామంది చదివే ఉంటారు. ప్రతి ఓటుకూ ఉన్న విలువకు అది అందమైన ఉదాహరణ, ఆ వార్త చదివినప్పుడు నాకూ గర్వంగానే అనిపించింది. కానీ అలాంటి కేంద్రం లెక్కను విడిగా ప్రకటిస్తే ఆ ఒక్క మనిషి ఓటును ప్రకటించినట్టే కదా. ఒక్కరి విషయంలో ఇంత తేలికగా ఒప్పుకునే సంగతిని, ఒకే మాట మీద నిలబడే మూడు వందల ఇళ్ల విషయంలో ఒప్పుకోవడానికి ఎందుకు వెనకాడాలి? అమెరికాలోని కొన్ని చోట్ల మరీ తక్కువ ఓట్లు పడిన కేంద్రాల లెక్కను విడిగా చూపించరు. సూత్రం అదే, కాస్త విస్తరించుకోవాలి.

దీనికి ఎదురుగా ఉన్న వాదనల్లో ఒకటి మాత్రం బలమైనది, దాన్ని దాటవేయడం న్యాయం కాదు. కేంద్రాలవారీ లెక్క అక్రమాలను పట్టి ఇస్తుంది. ఒక కేంద్రంలో నూటికి నూరు ఓట్లూ పోలై, అన్నీ ఒకే అభ్యర్థికి పడితే, అక్కడ ఏదో జరిగిందని అంకెలే చెబుతాయి. రిగ్గింగ్ జరిగితే ముందుగా నష్టపోయేది కూడా ఈ బలహీన వర్గాలే, వారి పేర్ల మీద దొంగ ఓట్లు పడిపోవచ్చు. లెక్కను పూర్తిగా కలిపేస్తే ఆ ఆధారం పోతుంది. అందుకే ఆ లెక్కను చెరిపేయాలని నేను కోరడం లేదు. సీలు వేసి ఎన్నికల సంఘం దగ్గర ఉంచి, అనుమానం వచ్చినప్పుడు కోర్టు ముందో పరిశీలకుల ముందో తెరిచే ఏర్పాటు చేయవచ్చు. ప్రకటించేది మాత్రం కొన్ని కేంద్రాలు కలిపిన మొత్తాన్ని. నోటాకు దారి తీసిన 2013 సెప్టెంబరు 27 నాటి తీర్పులో సుప్రీంకోర్టు, ఎవరికీ ఓటు వేయనని చెప్పే మనిషికి కూడా రహస్యం కాపాడుకునే హక్కు ఉందని గుర్తించింది. అంతకు ముందు అలా చెప్పాలంటే అధికారి ముందు రిజిస్టరులో రాయించి సంతకం పెట్టవలసి వచ్చేది. ఆ ఒక్క సంతకంలో ఉన్న ప్రమాదాన్ని చూడగలిగిన న్యాయం, ఒక వాడ అంకెల్లో ఉన్న ప్రమాదాన్నీ చూడగలుగుతుందనే నా ఆశ.

చట్టం తొడుగు వేసుకుని వచ్చే బెదిరింపు గురించి కూడా రాయాలి, ఎందుకంటే ఈ కాలంలో ఎక్కువగా కనిపించేది అదే. పాత ఉదాహరణ లూసియానాది. అక్కడ 1896లో 1,30,334 మంది నల్లజాతి ఓటర్లు నమోదై ఉంటే, అక్షరాస్యత, ఆస్తి, తండ్రికో తాతకో ఓటు హక్కు ఉండి ఉండడం వంటి షరతులతో 1898లో కొత్త రాజ్యాంగం రాసుకున్న తర్వాత, 1904 నాటికి ఆ సంఖ్య 1,342కు పడిపోయింది. ఆ షరతుల్లో ఎక్కడా జాతి పేరు లేదు. దగ్గరి కాలానికి వస్తే, 1981లో న్యూజెర్సీ గవర్నర్ ఎన్నిక రోజున, నల్లజాతివారు, లాటిన్ అమెరికా మూలాలున్న లాటినోలు ఉండే ప్రాంతాల పోలింగ్ కేంద్రాల దగ్గర 'నేషనల్ బ్యాలెట్ సెక్యూరిటీ టాస్క్ ఫోర్స్' అన్న పేరుతో కొందరు చేతికి పట్టీలు కట్టుకుని నిలబడ్డారు. వాళ్లలో సెలవులో ఉన్న పోలీసులు కూడా ఉన్నారు. ఆ ప్రాంతం తమ గస్తీలో ఉందని హెచ్చరించే బోర్డులు పెట్టారు. అది ప్రభుత్వ బృందం కాదు, రిపబ్లికన్ పార్టీ ఏర్పాటు చేసినది. ఆ ఎన్నికలో గెలుపు తేడా 1,797 ఓట్లు. ఆ బోర్డు చూసి ఎంతమంది వెనుదిరిగారో ఎవరూ చెప్పలేరు, చెప్పలేకపోవడమే ఈ పద్ధతిలోని బలం. మర్నాటి ఏడాది కోర్టులో రాజీ ఒప్పందం కుదిరి, ఆ పార్టీ జాతీయ సంఘం అలాంటి పనులకు దూరంగా ఉంటానని ఒప్పుకుంది. ఆ ఒప్పందం గడువు 2017 డిసెంబరుతో ముగిసిందని 2018లో కోర్టు తేల్చింది.

2006లో కాలిఫోర్నియాలోని ఆరెంజ్ కౌంటీలో, లాటినో పేర్లున్న సుమారు 14,000 మంది ఓటర్లకు స్పానిష్ భాషలో ఉత్తరాలు వెళ్లాయి. వలస వచ్చినవారు ఓటు వేస్తే జైలుకు వెళ్లవలసి వస్తుందని వాటిలో ఉంది. వలస వచ్చి పౌరసత్వం పొందినవారికి ఓటు హక్కు ఉందన్న సగం నిజాన్ని వదిలేసి, మిగతా సగాన్ని పట్టుకుని భయపెట్టారు. 2020లో డెట్రాయిట్ వంటి నగరాల్లోని నల్లజాతి ఓటర్లకు రికార్డు చేసిన ఫోన్ కాల్స్ వచ్చాయి. తపాలా ద్వారా ఓటు వేస్తే ఆ వివరాలతో పాత వారెంట్ల కోసం పోలీసులు, పాత బాకీల కోసం అప్పులవాళ్లు వెతుక్కుంటూ వస్తారని వాటి సారాంశం. ఈ మాటలు ఎవరిని తాకుతాయో పంపినవారికి బాగా తెలుసు. పోలీసులను చూసి భయపడవలసిన అవసరమే రాని మనిషికి ఆ కాల్ వస్తే తీసి పక్కన పెడతాడు. తరతరాలుగా భయపడిన మనిషి ఆ ఏడాదికి ఓటు మానుకుంటాడు. మాట ఒకటే అయినా తగిలే లోతు ఒకటి కాదు. బెదిరింపును కొలిచేటప్పుడు మాట అన్నవాడి గొంతును బట్టి కాకుండా, విన్నవాడి స్థానంలో నిలబడి కొలవాలని నేననేది ఇందుకే.

1965 ఆగస్టు 6న అమలులోకి వచ్చిన అమెరికా ఓటు హక్కుల చట్టం ఈ దిశలో ఒక మంచి అడుగు వేసింది. 1957 నాటి చట్టం కింద, బెదిరించినవాడి ఉద్దేశం ఓటును అడ్డుకోవడమేనని నిరూపించాలి. మనసులో ఏముందో నిరూపించడం ఎంత కష్టమో ఆ ఎనిమిదేళ్లలో తెలిసొచ్చింది. కొత్త చట్టంలోని 11(బి) సెక్షన్ ఉద్దేశం ప్రస్తావన లేకుండా, బెదిరించడాన్నీ బెదిరించడానికి ప్రయత్నించడాన్నీ నిషేధించింది. ఇది ఏ ఒక్క పక్షానికో ఆయుధం కూడా కాదు. 2008లో ఫిలడెల్ఫియాలో ఒక పోలింగ్ కేంద్రం గుమ్మం దగ్గర నల్లజాతివారి సంస్థ అయిన న్యూ బ్లాక్ పాంథర్ పార్టీకి చెందిన ఇద్దరు నిలబడ్డారు, ఒకరి చేతిలో లాఠీ ఉంది. ఈ సెక్షన్ కిందే దావా పడి, లాఠీ పట్టుకున్న వ్యక్తి మీద కోర్టు ఆంక్షలు పెట్టింది. అది సరైన పనే. ఏ రంగు చేతిలో ఉన్నా గుమ్మం దగ్గర లాఠీ లాఠీయే.

భారతదేశంలో 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం, ఈ వర్గాలవారిని ఫలానావారికి ఓటు వేయమనో, వేయవద్దనో బలవంతం చేయడాన్ని ప్రత్యేకమైన నేరంగా పేర్కొంది. చట్టంలో ఆ మాట ఉండడం చిన్న విషయం కాదు. అయితే ఫిర్యాదు చేయవలసినవాడు, ఎవరి మీద ఫిర్యాదు చేస్తున్నాడో వాళ్ల మధ్యనే మర్నాడు కూడా బతకాలి. వాళ్ల పొలంలో పని అడగాలి, వాళ్ల దారిన నడవాలి. కాబట్టి జరిగిన తర్వాత ఫిర్యాదు కోసం ఎదురుచూసే చట్టం కంటే, జరగకముందే ఆపే ఏర్పాటు బలహీనుడికి ఎక్కువ మేలు చేస్తుంది. 1965 చట్టంలో ఉన్న గొప్పదనం కూడా అదే. వివక్ష చరిత్ర ఉన్న ప్రాంతాలు తమ ఎన్నికల నిబంధనల్లో ఏ మార్పు చేయాలన్నా కేంద్ర ప్రభుత్వ అనుమతి ముందుగా తీసుకోవాలని ఆ చట్టం చెప్పింది. నిరూపించవలసిన భారం బలమున్నవారి మీద పడింది. మిసిసిపీలో నమోదైన నల్లజాతి ఓటర్లు చట్టానికి ముందు నూటికి ఏడుగురు కూడా లేకపోతే, 1967 నాటికి దాదాపు అరవై మంది అయ్యారు. 2013 జూన్ 25న షెల్బీ కౌంటీ కేసులో అమెరికా సుప్రీంకోర్టు, ఏ ప్రాంతాలకు ఈ నియమం వర్తిస్తుందో చెప్పే సూత్రాన్ని 5–4 తేడాతో కొట్టివేసింది. పరిస్థితులు మారాయన్నది ప్రధాన కారణం. తడవడం లేదు కదా అని కురిసే వానలో గొడుగు పారేసినట్టుందని జస్టిస్ రూత్ బేడర్ గిన్స్‌బర్గ్ తన అసమ్మతిలో రాశారు. ఆ తర్వాత భారం మళ్లీ ఓటరు మీదికే వచ్చింది. ముందు నష్టం జరగాలి, తర్వాత వకీలును పెట్టుకోవాలి, ఆ తర్వాత ఏళ్ల తరబడి ఆగాలి. ఈలోగా ఎన్నికలు జరిగిపోతూనే ఉంటాయి.

హేమర్ ఆ పరీక్షకు మళ్లీ వెళ్లారు. ప్యాసయ్యేదాకా ముప్పై రోజులకోసారి వస్తూనే ఉంటానని ఆ అధికారితో చెప్పారు. 1963 జనవరిలో ప్యాసయ్యారు. తీరా ఓటు వేయబోతే, పోల్ టాక్స్, అంటే ఓటు వేయడానికి కట్టవలసిన పన్ను, కట్టిన రసీదులు రెండు కావాలన్నారు. ఓటరే కాని మనిషి దగ్గర పాత రసీదులు ఎక్కడినుంచి వస్తాయి? ఆ జూన్‌లో వినోనా పట్టణం జైలులో ఆమెను కొట్టిన దెబ్బల ఫలితం జీవితాంతం మిగిలింది. మరుసటి ఏడాది ఆమె అమెరికా కాంగ్రెస్ స్థానం కోసం, పార్టీ అభ్యర్థిని ఎంచుకునే డెమొక్రటిక్ పార్టీ ప్రాథమిక ఎన్నికలో నిలబడ్డారు. ఎదుట ఉన్నది ఎన్నో ఏళ్లుగా ఆ స్థానంలో పాతుకుపోయిన జేమీ విట్టెన్. ఆమె ఓడిపోయారు. తన జీవితంలో మొదటి ఓటు తనకే వేసుకున్నానని, ఎందుకంటే ఆ ఎన్నికలో అభ్యర్థిని తానేనని ఆమె తర్వాత చెప్పేవారు. అప్పటికి ఆమె వయసు 46.